పందికొక్కు కూడా క్రియే!

పాణ్యం బస్టాండు దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే బస్సులు వస్తుంటాయి, పోతుంటాయి. బనగానపల్లె వైపు వెళ్లాల్సినవాళ్లు మూటలతో దిగుతుంటారు. ఆ సందడిలో చెవిన పడే మాటలు ఇలా ఉంటాయి.

"అన్నా, ఈ ఆధార్ కార్డు రెండు జిరాక్సులు తీ."

"బండికి పంచరు ఏపిచ్చుకోని వస్తా, ఆడనే ఉండు."

"చేతిలో దుడ్లు లేవన్నా, ఫోన్‌పే కొడ్తా."

"బస్సు మిస్సయిందని ఇంటికి ఫోన్ కొట్టి చెప్పు."

మామూలు మాటలే. ఎవరూ ఆగి ఆలోచించరు. కానీ ఓసారి ఆగి చూస్తే తమాషాగా ఉంటుంది. జిరాక్స్ ఒక కంపెనీ పేరు. ఫోన్‌పే కూడా కంపెనీ పేరే. పంచరంటే టైరుకు పడిన చిల్లు. ఫోనంటే ఒక వస్తువు. పేర్లుగా పుట్టిన ఈ నాలుగూ బస్టాండులో పనులైపోయాయి. బడిలో చెప్పే వ్యాకరణం ప్రకారం చెప్పాలంటే, నామవాచకాలన్నీ క్రియల వేషం కట్టాయి.

ఇప్పుడు అదే ఊళ్లో ఓ ఇంటిని ఊహించుకోండి. సాయంత్రం వేళ. ఏడో తరగతి చదివే అమ్మాయి ముందు ఇంగ్లీషు పుస్తకం. కింది పదాలు నౌనా, వెర్బా రాయమని హోంవర్కు. మొదటి పదం వాటర్. అమ్మాయి ఠక్కున నౌన్ అని రాసేసింది. నీళ్లే కదా! రెండోది మిల్క్. అదీ నౌనే. మూడోది డస్ట్. అనుమానమే లేదు, నౌనే. పేజీ తిప్పేసరికి ఓ వాక్యం ఎదురైంది. 'వాటర్ ద ప్లాంట్స్.' ఇక్కడ వాటర్ ఏమిటి? అమ్మాయి పెన్సిలు కొస నోట్లో పెట్టుకుంది.

వాకిట్లోంచి అవ్వ కేక వేసింది. "పాపా, చెట్లకి నీళ్లు పోసినావా?"

"అవ్వా, అదే రాస్తాండా!"

అవ్వకు ఆ జవాబు అర్థం కాలేదు. పాపకు ఆ వాక్యం అర్థం కాలేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క చిన్న సంగతే. నామవాచకాన్ని క్రియగా మార్చడానికి ఇంగ్లీషుకో పద్ధతి ఉంది, తెలుగుకు మరో పద్ధతి ఉంది.

కుర్చీని బట్టి ఉద్యోగం

ఇంగ్లీషు మాటకు ఉద్యోగం దాని ముఖం చూసి ఇవ్వరు. వాక్యంలో అది కూర్చున్న కుర్చీని చూసి ఇస్తారు. కర్త కుర్చీలో కూర్చుంటే నామవాచకం. పక్కకు జరిగి క్రియ కుర్చీలో కూర్చుంటే క్రియ. ఒంటిమీద చొక్కా కూడా మార్చుకోనక్కర్లేదు.

మొదట్నుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ప్రేమ అనే నామానికి ఒక తోక, ప్రేమించడం అనే క్రియకు మరో తోక ఉండేవి. ఏది ఏదో వినగానే తెలిసిపోయేది. తర్వాతి శతాబ్దాల్లో, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక మరీ వేగంగా, ఆ తోకలు అరిగిపోయాయి. చివరికి నామానికీ క్రియకూ మిగిలింది 'లవ్' అన్న ఒక్క రూపమే. తోకలు పోయాక గుర్తుపట్టడానికి ఆధారం కుర్చీ ఒక్కటే అయింది. అప్పట్నుంచి ఇంగ్లీషువాళ్లకు కొత్త క్రియ చేసుకోవడం మంచినీళ్లు తాగినంత తేలిక. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ అంచనా ప్రకారం ఇంగ్లీషు క్రియల్లో దాదాపు అయిదో వంతు ఒకప్పుడు నామవాచకాలే.

మనిషి పేరు కూడా క్రియ కావొచ్చు. ఐర్లండులో చార్లెస్ బాయ్‌కాట్ అని ఓ భూస్వామి దగ్గర ఏజెంటు ఉండేవాడు. 1880లో కౌలు రైతులు ఆయన మీద తిరగబడ్డారు. పొలంలో పని చెయ్యలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు, దారిలో పలకరించలేదు. కొద్ది నెలల్లోనే ఆయన ఇంటిపేరు ప్రపంచమంతా వాడే క్రియ అయిపోయింది. పాతికేళ్లు తిరక్కుండానే, వందేమాతరం ఉద్యమంలో విదేశీ వస్త్రాల విషయంలో మనవాళ్ల నోటా అదే మాట. తెలుగులో అప్పటికే వెలివేయడం ఉంది, బహిష్కరించడం ఉంది. అందుకే మన పత్రికలు సైమన్ కమిషన్‌ను బహిష్కరించాయి.

తెలుగులో మాత్రం కుర్చీ మారితే చాలదు. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే తోకను వెంట తెచ్చుకుంటుంది. పోశాను, పోశావు, పోసింది, పోస్తారు. 'నీళ్లు' అన్న మాటను తీసుకెళ్లి ఆ చివర కూర్చోబెడితే దానికి తోక మొలవదు. అందుకే తోడుగా ఓ క్రియను పిలవాలి.

ఆ తోడు క్రియల దగ్గరే తెలుగు సొగసంతా ఉంది. కుండీలోని చెట్టుకు నీళ్లు పోస్తాం. పొలానికి నీళ్లు పెడతాం. వాకిట్లో నీళ్లు చల్లుతాం. ఎద్దులకు నీళ్లు తాపుతాం. మొదటి రెండిటికీ, నాలుగోదానికీ ఇంగ్లీషులో ఒకటే క్రియ, వాటర్. చెట్టయినా, పొలమైనా, ఎద్దయినా తేడా లేదు. కుర్చీ మార్చుకునే సౌకర్యం వాళ్లది. పనికో మాట ఉండే సౌకర్యం మనది.

పాలు పిండాలా, పొయ్యాలా?

పిల్లలు తికమకపడేది ఇక్కడే. వాటర్ క్రియ అయితే నీళ్లు పొయ్యడం. మరి మిల్క్ క్రియ అయితే? పాలు పొయ్యడం కాదు, పితకడం! ఒకటి లోపలికి, ఇంకోటి బయటికి. డస్ట్ సంగతి మరీ విచిత్రం. బల్లను డస్ట్ చేస్తే దుమ్ము దులిపినట్టు. పైరును డస్ట్ చేస్తే పొడి మందు చల్లినట్టు. ఒక మాటే దుమ్మును తీస్తుంది, ఒక మాటే పొడిని చల్లుతుంది. వాక్యం మొత్తం చదివితే తప్ప తెలియదు. ఏ మాటనైనా విడిగా ఇచ్చి నౌనా వెర్బా అని అడిగితే ఇంగ్లండులో పుట్టినవాళ్లయినా తల గోక్కోవాల్సిందే. పాప తప్పేమీ లేదు.

ఇలాంటి విచిత్రం మనకు లేదనుకుంటే పొరపాటు. 'బండి పంచరయింది' అంటే టైరుకు చిల్లు పడింది. 'పంచరు వేయించాను' అంటే? తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారెవరైనా, పాపం, డబ్బిచ్చి మరీ చిల్లు పొడిపించుకున్నాడేమో అనుకుంటారు. చిల్లు మూయించుకున్నాడని తెలుగువాడికి చెప్పక్కర్లేదు. ప్యాచీ వేస్తారు కాబట్టి పంచరూ వేస్తారు. అంతే!

ఆఫ్ అనే బుల్లి మాటను తీసుకోండి. అది నామవాచకం కూడా కాదు. కానీ తెలుగిళ్లలో రోజూ అది క్రియే. 'ఫ్యాను ఆఫ్ చెయ్' అంటాం. ఆ అలవాటుతోనే పిల్లలు ఇంగ్లీషులో 'ఆఫ్ ద ఫ్యాన్' అనేస్తారు. ఇంగ్లీషులో దాని ముందు మరో క్రియ, టర్న్ అనో స్విచ్ అనో, ఉండాలి. ఒట్టి ఆఫ్‌ను క్రియగా వాడితే అమెరికా వాడుకలో చంపెయ్యడమని అర్థం. అన్ని నామాలనూ ఇట్టే క్రియలు చేసుకునే ఇంగ్లీషు ఇక్కడ మాత్రం మన పిల్లల్ని ఒప్పుకోదు. ఏ మాట కుర్చీ మారాలో వాడుకే తేలుస్తుంది.

పొలం గట్టు నుంచి ఆస్ట్రేలియా దాకా

ఇంగ్లీషు ఇలా క్రియలుగా మార్చుకున్న మాటల్లో ఒకటి మన పొలం గట్టు మీద పుట్టింది. అదే పందికొక్కు.

పాణ్యం చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్లకు దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. గట్లకు బొక్కలు పెడుతుంది. గాదెల కింద సొరంగాలు తవ్వుతుంది. కోపం వస్తే పందిలా గుర్రుమంటుంది. పందిలాంటి కొక్కు కాబట్టి పందికొక్కు. తెలుగు జిల్లాలకు వచ్చిన తెల్లదొరలకు ఆ మాట నోరు తిరగక 'బాండికూట్' అయింది. హెన్రీ యూల్, మద్రాసు రాజధానిలో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలిసి కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో వెలువడింది. ఇది తెలుగు మాటేనని అందులో స్పష్టంగా రాశారు. జంతుశాస్త్రంలో ఆ ఎలుకల జాతికి శాస్త్రీయ నామం కూడా బాండికోటా.

అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు వలస వెళ్లిన ఆంగ్లేయులకు అక్కడ పొడుగు మూతితో నేలను తవ్వే ఒక చిన్న జంతువు కనిపించింది. నిజానికి అది ఎలుక జాతి కాదు. కంగారూలా పొట్ట దగ్గర సంచిలో పిల్లల్ని పెట్టుకునే జీవి. కానీ చూడ్డానికి ఇండియాలోని కొక్కులా ఉందని దానికీ బాండికూట్ అనే పేరు పెట్టేశారు. 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో గేములో గెంతే బొమ్మ ఆ ఆస్ట్రేలియా జంతువే. ఆ గేము ఆడిన తెలుగు పిల్లల్లో ఎంతమందికి తెలుసు, తాము ఆడుతున్నది పందికొక్కు పేరుతోనని!

అసలు విశేషం ఆ తర్వాతది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ అయింది. దాని అర్థం చూడండి. బంగాళాదుంప మొక్కను పీకకుండా, పైన ఆకులు కదలకుండా, కింద మట్టిలో చెయ్యి పెట్టి దుంపల్ని మాత్రం గుట్టుగా తవ్వుకుపోవడం. మర్నాడు యజమాని వచ్చి చూస్తే మొక్కలన్నీ పచ్చగా నిలబడే ఉంటాయి. కింద దుంపలుండవు. అలా చేస్తే తోటను 'బాండికూట్ చేశారు' అంటారక్కడ. రాత్రికి రాత్రి వేరుశనగ మొక్కల కింద కాయలు ఖాళీ అయిన రైతు ఎవరైనా ఆ క్రియకు అర్థం అడక్కుండానే చెప్పగలడు.

తమాషా ఏమిటంటే, తెలుగులో పందికొక్కు క్రియ కాలేదు. 'పందికొక్కులా తిన్నాడు' అని పోలిక చెబుతాం తప్ప 'పందికొక్కాడు' అనం. మన మాటకు మనం ఇవ్వని ఉద్యోగాన్ని సముద్రాలవతల ఇచ్చారు.

పెద్దాయన కోపం

క్రియల పుట్టుక చూసి చిరాకుపడేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. అమెరికా స్వాతంత్ర్య సమర యోధుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్‌కు ఓ ఉత్తరం రాశారు. తాను చాలాకాలం ఫ్రాన్సులో ఉండి తిరిగొచ్చేసరికి కొందరు నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్ అనే నామవాచకాలను క్రియలుగా వాడేస్తున్నారని ఆయన బాధ. ఆ అలవాటును ఖండించమని వెబ్‌స్టర్‌ను కోరారు. ఈరోజు ఆ మూడింటినీ క్రియలుగా వాడితే ఏ ఇంగ్లీషు మాస్టారూ తప్పు పెట్టరు. ఫ్రాంక్లిన్ అంతటివాడు కూడా వాటిని ఆపలేకపోయారు.

కంపెనీలూ ఆపలేకపోయాయి. జిరాక్స్ సంస్థ తమ పేరును క్రియగా వాడొద్దని అమెరికాలో ఏళ్ల తరబడి ప్రకటనలు ఇచ్చింది. పేరు అందరి పనీ అయిపోతే ట్రేడ్‌మార్క్ హక్కు పోతుందని దాని భయం. 2006లో ఆక్స్‌ఫర్డ్, మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులు రెండూ గూగుల్‌ను క్రియగా ఎక్కించుకున్నాయి. ఆ ఏడాదే గూగుల్ సంస్థ కూడా తమ పేరును ఎలా పడితే అలా క్రియ చేయొద్దని విన్నవించుకుంది. వినేదెవరు? అదే సంవత్సరం ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించారు. హోదా తగ్గించడమనే అర్థంలో ప్లూటో పేరుతో పుట్టిన క్రియను అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2006 సంవత్సరపు మాటగా ఎంచుకుంది. ఆకాశంలో ఉద్యోగం పోయినా భాషలో దొరికిందన్నమాట!

మన కార్ఖానాలో 'ఇంచు'

ఇంగ్లీషుకు కుర్చీ ఉన్నట్టే తెలుగుకు ఓ కార్ఖానా ఉంది. పేరు 'ఇంచు'. ప్రేమను అందులో వేస్తే ప్రేమించు. గౌరవాన్ని వేస్తే గౌరవించు. ఆరంభాన్ని వేస్తే ఆరంభించు. అచ్చతెలుగు చిగురును వేస్తే చిగురించు. సంస్కృతం నుంచి వందల మాటల్ని తెలుగు ఇలా కరిగించి క్రియలుగా పోతపోసుకుంది.

తర్వాత నవాబుల కాలం వచ్చింది. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉంది. పాణ్యానికి పక్కనే ఉన్న బనగానపల్లె 1948 దాకా సంస్థానం. తెలుగునేల మీద ఇంకా చాలాచోట్ల కచేరీల్లో, బజార్లలో ఉర్దూ, పార్శీ మాటలు తిరిగాయి. తెలుగు కార్ఖానా వాటినీ వదల్లేదు. బనానా అన్న హిందుస్తానీ క్రియ బనాయించు అయింది, తప్పుడు కేసు బనాయించారు అంటాం. చలానా నుంచి చలాయించు, పెత్తనం చలాయించాడు. ఫిరానా నుంచి ఫిరాయించు, పార్టీ ఫిరాయించని రోజు పేపర్లో ఉండదు. దబానా నుంచి దబాయించు. నిభానా నుంచి నిభాయించు. ఈ మాటలు పుట్టిన ఊరు వేరంటే ఈరోజు నమ్మడం కష్టం. అంతగా కలిసిపోయాయి. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగుకు జీవితం ధారపోసిన సి.పి. బ్రౌన్, తెలుగులో కలిసిన అన్యభాషా పదాల కోసం ప్రత్యేకంగా ఓ నిఘంటువే వేశారంటే ఆ రాక ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మరి ఇంగ్లీషు మాటలు వచ్చేసరికి? కార్ఖానాకు తాళం పడింది. 2000ల్లో తెలుగు బ్లాగుల్లో సరదాగా బ్లాగించారు, గూగులించారు. ఆ సరదా వీధిలోకి రాలేదు. వీధిలో గెలిచింది 'చెయ్యి'. డిసైడ్ చెయ్యి, మేనేజ్ చెయ్యి, కట్ చెయ్యి, వాష్ చెయ్యి. ఉర్దూ మాట చెవి దారిన, బజారు దారిన వచ్చింది. ఇంగ్లీషు మాట ఎక్కువగా బడి దారిన, స్పెల్లింగు పట్టుకుని వచ్చింది. అందుకేనేమో దాన్ని కరిగించడానికి చెయ్యి రాలేదు.

అలాగని అంతా నిరాశే కాదు. బస్టాండు మాటలు మళ్లీ గుర్తు చేసుకోండి. జిరాక్స్ తీస్తారు, ఫొటో తీసినట్టు. బ్రేకు వేస్తారు, గొళ్లెం వేసినట్టు. టెన్షన్ పడతారు, బాధ పడినట్టు. హారన్ కొడతారు, గంట కొట్టినట్టు. ఏ మాటకు ఏ తోడు కావాలో ఎవరూ కమిటీ వేసి తేల్చలేదు. జనం తేల్చారు. అది చూపు ఉన్న పని. కొన్నిచోట్ల అయితే ఇంగ్లీషు క్రియ అవసరమే పడలేదు. మెమరీ కార్డుల కాలంలో సెల్ దుకాణాలవాళ్లు పాటలు అప్‌లోడ్ చెయ్యలేదు, 'ఎక్కించారు', బండికి సరుకు ఎక్కించినట్టు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఫలానా అంకె 'నొక్కండి' అంటుంది. మోగే సెల్‌ఫోన్‌ను ఇప్పటికీ 'ఎత్తుతాం', రిసీవర్ లేకపోయినా. పాత క్రియలే కొత్త పని నేర్చుకున్నాయి.

కత్తి అదే, కాయ అదే

నష్టం ఎక్కడంటే వంటింట్లో చూడాలి.

రోట్లో దంచేవాళ్లు, నూరేవాళ్లు, రుబ్బేవాళ్లు. తిరగల్లో విసిరేవాళ్లు. నాలుగు పనులకూ నాలుగు మాటలు. మిక్సీ వచ్చింది. నాలుగు పనులూ ఒక మీట దగ్గర చేరాయి. 'మిక్సీ పట్టు' అన్న కొత్త క్రియ పుట్టింది. ఇందులో దిగులు పడాల్సిందేమీ లేదు. పనిముట్టు మారింది, మాట మారింది. మడక పోయి ట్రాక్టరు వచ్చిన పొలంలో రోటవేటర్ వేయించడమనే మాట వచ్చినట్టే.

కానీ కూరగాయల దగ్గర ఏ పనిముట్టూ మారలేదు. కత్తి అదే, కాయ అదే, చెయ్యి అదే. మాట మాత్రం మారిపోయింది. వంకాయను తరిగేవారు. ఉల్లిపాయ కోసేవారు. చిక్కుడుకాయ ఈనెలు తీసి తుంచేవారు. గోంగూర ఆకు గిల్లేవారు. వెల్లుల్లి ఒలిచేవారు. చెరకు నరికేవారు. ఊరగాయకు మామిడికాయ ముక్కలు కొట్టేవారు. ఉడికిన పప్పును గుత్తితో ఎనిపేవారు. సంగటిని తెడ్డుతో గెలికేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో వీటిలో ముందున్నవన్నీ 'కట్ చెయ్యడం', చివరి రెండూ 'మిక్స్ చెయ్యడం'. వేయించడం, వేపడం రెండూ 'ఫ్రై చెయ్యడం'.

ఒక్కో మాటలో ఒక్కో పద్ధతి దాగుంది. గిల్లడమంటే గోటితో, లేత చోట చూసి. తుంచడమంటే వేళ్లతో. తరగడమంటే కత్తిపీటతో, సన్నగా. ఆ మాట తెలిసిన పిల్లకు పని సగం నేర్పినట్టే. 'కట్ చెయ్' అన్నాక గోటితోనా, కత్తితోనా, ఎంత ముక్క, ఎంత సన్నం అన్నవన్నీ మళ్లీ విడిగా చెప్పాలి. కూర గిల్లమని అవ్వ చెబితే, గిల్లడమంటే పక్కవాణ్ని గిల్లడమే తెలిసిన పిల్ల తెల్లబోతుంది. ఒకే ఇంట్లో, ఒకే భాషలో, రెండు తరాల మధ్య దుబాసీ కావాల్సి వస్తుంది.

జిరాక్సూ, ఫోన్‌పే తెలుగును పాడు చేస్తున్నాయని చాలామంది బెంగపడతారు. నిజానికి అవి కొత్త పనికి వచ్చిన కొత్త పేర్లు. పొరుగు నుంచి పేరు తెచ్చుకుంటే భాషకు బలమే. ఇంగ్లీషు చేసిందీ అదే, పందికొక్కును కూడా వదలకుండా. తేడా ఒక్కటే. బాండికూట్‌ను తెచ్చుకున్నప్పుడు ఇంగ్లీషు తన 'డిగ్'ను పారేసుకోలేదు. తవ్వడం అలాగే ఉంది, గుట్టుగా తవ్వడానికి మరో మాట చేరింది. 'కట్ చెయ్యి' వచ్చినప్పుడు తెలుగులో చేరిందేమీ లేదు. తరగడం, తుంచడం, గిల్లడం తగ్గాయి. పైన మొక్క పచ్చగా ఉంది, కింద దుంపలు పోతున్నాయి. మన పందికొక్కు క్రియకు ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకదు.

దీనికి చట్టాలు అక్కర్లేదు, ఉద్యమాలు అక్కర్లేదు. కూర తరిగేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పనిని దాని పేరుతో పిలిస్తే చాలు. ఇంగ్లీషు నేర్చుకోవడానికీ ఇది అడ్డు రాదు. ఏ మాట నామమో, ఏది క్రియో ఒక భాషలో స్పష్టంగా పట్టుబడితే రెండో భాషలో పట్టుకోవడం తేలికవుతుంది. బనగానపల్లె మామిడి తోటలో పాఠం ఇంకా సులువు. కాయ కాసింది. పండు పండింది. పేరూ పనీ అక్కడే పక్కపక్కన ఉన్నాయి. నవ్వు, తిట్టు, విత్తు, వెలుగు కూడా అలాంటివే. ఒకే రూపంలో నామమూ అవే, క్రియా అవే. ఇంగ్లీషు వాటర్‌ను చూసి పాప అంతగా కంగారు పడక్కర్లేదు. ఆ ఇంద్రజాలం ఆమె ఇంట్లో కూడా ఉంది.

ఆ సాయంత్రం పాప చివరికి వాటర్ పక్కన రెండూ రాసింది, నౌన్ అనీ, వెర్బ్ అనీ. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లింది. అవ్వ కొబ్బరిచిప్ప చేతికిచ్చింది.

"దీన్ని కట్ చెయ్యాల్నా అవ్వా?"

"కట్టూ లేదు గిట్టూ లేదు. తురుము."

పాపకు హోంవర్కు ఇంకా తలలోంచి పోలేదు. "అవ్వా, తురుము అంటే నౌనా, వెర్బా?"

"ఏమోమ్మా, నాకేం తెల్సు? నువ్వు మాత్రం తొందరగా తురుము. ఆ తురుము చాలకపోతే ఇంకో చిప్ప తీసుకో."